పెద్దిరాజు దాచుకున్న ఏడుపు

పెద్దిరాజు ఫోనులో ఒక మగవాడి ఏడుపు ఉంది. దాన్ని అతను పాట విన్నట్టు వింటాడు. టీ తాగుతూ వింటాడు, బస్సు కోసం నిలబడి వింటాడు, మనసు బాగోలేనినాడు కళ్లు మూసుకుని మరీ వింటాడు. మా కాలేజీ వార్షికోత్సవానికి మైకు పెట్టడానికి వచ్చినప్పుడు నాకూ వినిపించాడు.

"బాబాయ్... నా పరువు నీ చేతిలో ఉంది బాబాయ్... నీ కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటా బాబాయ్..." అని మొదలై, మధ్యలో ముక్కు చీదిన చప్పుడు వచ్చి, చివర "నీ బాబ్జీనయ్యా మాట్టాడేది, కాదనకు" అని ముగుస్తుంది.

"ఎవరు చచ్చిపోయారండీ?" అని అడిగాను.

"ఇంకా ఎవరూ చావలేదు మాస్టారూ. ముహూర్తం కోసం చూస్తున్నా" అన్నాడు.

నేను మాస్టార్ని కాను. బందరులో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమస్తాని. కాలేజీ గేటు లోపల ఎవరు కనిపించినా పెద్దిరాజుకి మాస్టారే.

అతనిది దివిసీమలో, నాగాయలంక దాటాక ఉప్పుగాలి మొహానికి కొట్టే ఊరు. తాతా తండ్రీ వేటకెళ్లినవాళ్లు. ఇతనికి మాత్రం పడవెక్కితే వాంతులు. మొదటిసారి వేటకి తీసుకెళ్లిన తండ్రి చేపలు పట్టడం మానేసి కొడుకు తల పట్టుకుని కూర్చోవాల్సి వచ్చిందట. ఒడ్డుకొచ్చాక "రేపట్నుంచి మీ అమ్మకి బియ్యం ఏరిపెట్టరా" అన్నాడట అందరిముందూ. ఆ మాట చెప్పేటప్పుడు పెద్దిరాజు ఇప్పటికీ నవ్వడు.

బియ్యం ఏరలేదు గానీ, రామాలయం మైకు దగ్గర చేరాడు. గాలి మారినప్పుడు, వాయుగుండం కబురు వచ్చినప్పుడు పడవల పేర్లు చదివి వెనక్కి రమ్మని పిలవడం అతని పని. సముద్రం మీదకి వెళ్లలేనివాడు సముద్రానికి వినపడేలా పిలవడం నేర్చుకున్నాడన్నమాట. తర్వాత సొంతంగా రెండు హారన్లు, ఒక ఆంప్లిఫయరు కొన్నాడు. కోడూరు, మోపిదేవి, అవనిగడ్డ, ఎక్కడ పందిరి వేసినా పొద్దున్నే "హలో... హలో... మైక్ టెస్టింగ్" అనే గొంతు ఇతనిదే.

బాబ్జీ ఆ రోజుల్లోనే గుడివాడ నుంచి వచ్చి ఇతని దగ్గర తీగలు చుట్టాడు. బాబాయ్ బాబాయ్ అంటూ తిరిగి, పని పట్టుబడగానే గుడివాడ వెళ్లిపోయి "బాబ్జీ డిజిటల్ ఈవెంట్స్" అని బోర్డు పెట్టాడు. దాని మీద పెద్దిరాజుకి కోపం లేదు. "నేర్చుకున్నవాడు వెళ్లకుండా ఉంటాడా?" అనేవాడు.

కోపం వచ్చింది అవనిగడ్డ పెళ్లితో. ఆ పొద్దున గుడివాడలో బాబ్జీకి ఏదో పెద్ద కార్యక్రమం. మైకులన్నిటినీ కలిపి నడిపే అతని మిక్సరు పెట్టె కాలిపోయింది. అప్పుడు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపిన ఏడుపే నేను పైన చెప్పినది. పెద్దిరాజు కరిగిపోయి, తన మంచి మిక్సరు కారెక్కించి పంపాడు. తను అటక మీది పాతది దించి, దులిపి, అవనిగడ్డ పెళ్లికి పట్టుకెళ్లాడు. పురోహితుడు "గట్టిమేళం! గట్టిమేళం!" అని చెయ్యి ఊపిన క్షణాన ఆ పాతది ప్రాణం వదిలింది. అంత పెద్ద పందిట్లో సన్నాయి దోమ పాడినంత వినపడింది. పెద్దిరాజు పెట్టెని రెండు చేతులా పట్టుకుని, మాట వినని పిల్లాణ్ణి కుదిపినట్టు కుదపడం ఎవరో ఫోనులో తీశారు.

సాయంత్రానికి ఆ వీడియో బాబ్జీ వాట్సాప్ స్టేటస్‌లో ఉంది. కింద నవ్వే బొమ్మలు. "సౌండ్ కావాలా, సైలెన్స్ కావాలా? సౌండ్ కావాలంటే బాబ్జీ డిజిటల్."

ఎవరి మిక్సరుతో ఆ పూట గుడివాడ మోగిందో ఎవరికి తెలుసు? దివిసీమ అంతా పెద్దిరాజుని మ్యూట్‌రాజు అనడం మొదలుపెట్టింది. పందిళ్లు ఒక్కొక్కటే బాబ్జీకి వెళ్లిపోయాయి. ఇతను బందరు వచ్చి, ఊరిచివర ఒక కల్యాణమండపంలో సౌండు ఆపరేటరుగా కుదిరాడు. ఏడుపుని మాత్రం చెరిపెయ్యలేదు.

ఆ హాలు యజమాని కాస్త పొదుపరి. మిక్సర్లూ గిక్సర్లూ తీసేసి, పురోహితుడి మైకు, సన్నాయి, కెమెరా బొమ్మ అన్నీ ఒక్క కంప్యూటర్లోంచే వెళ్లేలా కట్టించాడు. అందులో దొంగ విండోస్ వేయించాడు. ఒక పెళ్లిలో సరిగ్గా తలంబ్రాల దగ్గర, పెద్ద తెర మీద, పెళ్లికూతురి నెత్తిన "మీ విండోస్ అసలైనది కాదు" అని ఇంగ్లీషులో పడింది. మగపెళ్లివారిలో చదువుకున్నవాళ్లెవరో దాన్ని పైకి చదివారట. ఆ దెబ్బతో యజమాని, డబ్బు అడగనిది ఏదైనా ఉందా అని వాకబు చేసి లినక్స్ ఎక్కించాడు.

ఇక్కడ నేను దొరికిపోయాను. మా ఆఫీసు కంప్యూటర్లని కూడా లినక్స్‌కి మార్చారు. అప్పుడు తెర మీద బొమ్మ మార్చడం మా ఆఫీసులో నా ఒక్కడికే వచ్చింది. ఆనాటి నుంచీ బందరులో లినక్స్ అంటే నేనే అని పెద్దిరాజు నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టడానికి నాకు మొహమాటం వేసింది.

మొన్న వైశాఖంలో ఆ హాలు ఒక గుడివాడ అమ్మాయి పెళ్లికి బుక్కయింది. మగపెళ్లివారిది బందరు, వరుడి తండ్రి మా కాలేజీలోనే. పెళ్లికూతురి పేరు బిందు. తండ్రి బాబ్జీ!

హాలు చూసుకోవడానికి వియ్యాలవారితో కలిసి వచ్చిన బాబ్జీ, ఆపరేటరు కుర్చీలో పెద్దిరాజుని చూసి చేతులు జాపాడట. "ఓహో బాబాయ్! నువ్విక్కడున్నావా! మా అమ్మాయి పెళ్లిలో మాత్రం మ్యూట్ చెయ్యకు బాబాయ్." వియ్యాలవారంతా నవ్వారు. పెద్దిరాజు కూడా నవ్వాడు. అదే సాయంత్రం ఆ ఏడుపుని ఫోనులోంచి హాలు కంప్యూటర్లోకి ఎక్కించాడు.

"తాళి పడ్డాకే వేస్తాను మాస్టారూ. ఆ పిల్లేం చేసింది పాపం. తలంబ్రాలు పోసుకుంటూ అందరూ నవ్వుతుంటారు చూడండి, అప్పుడు. హాలు మొత్తం నిండాలి. వాడు స్టేజీ మీదే ఉంటాడు, దిగడానికి లేదు. నేను ఈ కుర్చీలో కూర్చుని వాడి మొహం చూడాలి. అంతే. ఆ ఒక్క మొహం చూస్తే నాకు చాలు."

"పోనీలెండి, వదిలెయ్యకూడదూ?" అన్నాను.

"మీకు మారుపేరు పెట్టలేదు గనక అంటున్నారు" అన్నాడు.

పెళ్లిరోజు పొద్దున్నే వెళ్లాను. నిజం చెప్పాలంటే పెళ్లికోసం కాదు, పెసరట్టు ఉప్మాకోసం. ముహూర్తానికి ఇంకా చాలా టైముంది. భోజనాల హాలు కింద, పెళ్లి పైన. పెసరట్టు వాసన నన్ను మెట్ల దగ్గర పట్టుకునే లోపే పైనుంచి పెద్దిరాజు పట్టుకున్నాడు.

"మాస్టారూ! కొంప మునిగింది. సౌండు లేదు."

ఆపరేటరు గది స్టేజీకి ఎదురుగా, అద్దం వెనకాల ఉంటుంది. ఏసీ చల్లదనం, మూసిన తలుపులు. హాలు స్పీకర్లు ఇంకా ఆపే ఉన్నాయి. తన బాంబు ముందే పేలకూడదని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏడుపుని పరీక్షించుకుంటున్నాడు. చెవిలో ఏమీ రావడం లేదు.

"పరీక్షకి ఏ వెంకన్న పాటో పెట్టుకోవచ్చుగా?"

"ఏది మోగాలో అదే పెట్టి చూడాలి."

సౌండు సెట్టింగులు తెరిచాం. పరికరం పేరు ఉండాల్సిన చోట "డమ్మీ అవుట్‌పుట్" అని ఉంది. పెద్దిరాజు ఆ అక్షరాలకేసి చాలాసేపు చూశాడు.

"దీనికి కూడా ఆ బాబ్జీగాడు ఏమైనా చెప్పాడంటారా?"

ముందురోజు సాయంత్రం కంప్యూటరు అప్‌డేట్ అడిగిందట. మర్యాదగా అడిగింది కదా అని ఇతను సరే అన్నాడట. సౌండు కార్డు డ్రైవరు అందులో చెడి ఉంటుందని నేను గంభీరంగా తేల్చాను. తెర బొమ్మ మార్చినవాడిగా ఆ మాత్రం అనకపోతే ఎలా?

నా ఫోనులో వెతికితే, ఏ దేశంవాడో సరిగ్గా ఇదే కష్టంలో ఉన్నాడు. వాడికి పదిమంది పది వైద్యాలు చెప్పారు. మొదటి వైద్యం నల్లతెర మీద ఒక ఆజ్ఞ కొట్టడం. కొట్టాం. పాస్‌వర్డ్ అడిగింది. పెద్దిరాజు కొడుతున్నాడు, తెర మీద చుక్క కూడా పడటం లేదు.

"కీబోర్డు కూడా పోయింది మాస్టారూ!"

లినక్స్‌లో పాస్‌వర్డ్ కొడితే కనపడదని నాకు తెలుసు. కానీ ఎందుకైనా మంచిదని నేను కూడా కీబోర్డుని తలకిందులు చేసి తట్టాను. అందులోంచి ఎన్నో పెళ్లిళ్ల అక్షింతలు రాలాయి.

ఆ వైద్యంతో గుణం కనిపించలేదు. ఇంకొకడు, కొత్త అప్‌డేట్ కాకుండా పాతదానితో మొదలుపెట్టి చూడమన్నాడు. ఆపి, మళ్లీ వేసి, మెనూలో పాతది ఎంచాం. ఈసారి డమ్మీ పోయింది! ఆ చోట హెచ్‌డీఎంఐ అని మొదలై ఏవో అంకెలున్న పేరు వచ్చింది. పెద్దిరాజు ఏడుపుని ఆగకుండా తిరిగి తిరిగి వచ్చేలా రిపీట్‌లో పెట్టాడు. తెర మీద ఆకుపచ్చ గీతలు పైకీ కిందకీ ఎగిరాయి.

"ఎగురుతున్నాయి మాస్టారూ! బాబ్జీగాడు ఏడుస్తున్నాడు! కానీ చెవిలోకి రావట్లేదు."

వాల్యూమ్ పూర్తిగా పెంచాం. లేదు. ఇంకా ఎక్కడో ఒక టిక్కు పెడితే, వంద దాటి కూడా పెంచవచ్చని ఆ పదిమందిలో ఒకడు రాశాడు. టిక్కు పెట్టి, గీతని కుడివైపు చివరిదాకా లాగాం. లేదు. హెడ్‌ఫోన్స్ మార్చాం. పిన్ను ఊది పెట్టాం. డ్రైవరు తీసి మళ్లీ వేశాం. ప్రతిసారీ గీతలు ఎగురుతాయి, చెవిలో మాత్రం నిశ్శబ్దం. స్టేజీ మీద పువ్వులవాళ్లు వెళ్లిపోయారు. పురోహితుడు వచ్చి, అద్దంలోంచి మైకు చూపించి, ఏమైందన్నట్టు చెయ్యి తిప్పాడు.

పెద్దిరాజు కుర్చీలో వెనక్కి జారాడు. మొహాన చెమట.

"ఏడుపు సంగతి దేవుడెరుగు మాస్టారూ. గట్టిమేళం ఎలాగ? ఈ రోజు కూడా సౌండు రాకపోతే... అదీ వాడి కూతురి పెళ్లిలో, వాడి ముందర... ఇంక నేను ఏ పందిట్లోనూ నిలబడలేను. వాడు పెట్టిన పేరు నేనే నిజం చేసినట్టవుతుంది."

నాకు పెసరట్టు మీద ఆశ పోయింది. ఇతని మీద జాలి మిగిలింది.

అప్పుడే తలుపు తోసుకుని బాబ్జీ వచ్చాడు. పట్టుపంచె, కండువా, నుదుట బొట్టు. మొహం మాత్రం తెల్లగా పాలిపోయి ఉంది. మెట్లు పరిగెత్తి ఎక్కినట్టున్నాడు, రొప్పుతున్నాడు. వెక్కిరించడానికి వచ్చాడనుకుని పెద్దిరాజు లేచి, కంప్యూటరుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆపు బాబాయ్" అన్నాడు బాబ్జీ.

"ఏంట్రా ఆపేది? మొదలైతేగా ఆపడానికి!"

"దండం పెడతా. ఇంక చాలు."

"ఏంటి చాలు? నవ్వు, బాగా నవ్వు. ఫోన్ తెచ్చుకున్నావా, వీడియో తీసుకోవడానికి?"

"ఎంతసేపని వేస్తావయ్యా?"

"వేస్తే మోగితేగా!"

"మోగకపోవడమేంటి బాబాయ్! కింద పెసరట్లు తినేవాళ్లు తినడం మానేసి వింటున్నారు!"

పెద్దిరాజు నాకేసి చూశాడు. నేను తెర మీది హెచ్‌డీఎంఐకేసి చూశాను.

ఈమధ్య పెళ్లిళ్లలో ముందే తినేవాళ్లు ఎక్కువయ్యారు కదా. వాళ్లు తింటూ తాళి కట్టడం చూడాలని, భోజనాల హాలులో పెద్ద టీవీ పెడుతున్నారు. ఈ హాలు యజమాని కూడా ఆ వారమే పెట్టించాడు. కంప్యూటరు నుంచి కిందకి ఒక పొడుగు తీగ లాగించాడు. పెద్దిరాజు దాన్ని బొమ్మ తీగ అనేవాడు. స్టేజీ బొమ్మ అందులోంచి వెళ్తుందని అతనికి తెలుసు. సౌండు కూడా అదే తీగలో దిగిపోతుందని అతనికీ తెలియదు, నాకూ తెలియదు. పాతదానితో మొదలుపెట్టాక సౌండు కార్డుకి రోగమేమీ లేదు. మేం డ్రైవర్లు తీసి వేసినంతసేపూ, వంద దాటించి లాగినంతసేపూ, కింద గోడమీది టీవీలో పూలతో అలంకరించిన ఖాళీ స్టేజీ కనిపిస్తూ, బాబ్జీ ఏడుపు వినిపిస్తూనే ఉందన్నమాట.

"కింద..." అన్నాడు పెద్దిరాజు మెల్లిగా. "కింద వినపడుతోందా?"

"వినపడటమా!"

"అంతానా?"

"అంతా."

"కాళ్లు కడుగుతానన్నది కూడా?"

బాబ్జీ తల దించుకున్నాడు. "మా వియ్యపురాలు, ఎవరండీ అన్నయ్యగారూ ఆ ఏడ్చేది అనడిగింది. ఏదో సీరియల్ అనుకుంటానండీ అన్నాను. అప్పుడే వచ్చింది, ‘నీ బాబ్జీనయ్యా మాట్టాడేది’ అని."

నాకు నవ్వు ఆగలేదు. దగ్గు నటించాను. పెద్దిరాజు నవ్వలేదు. ఇన్నాళ్లు దాచుకున్న కత్తి వాడకముందే దిగబడి, అవతలివాడు రక్తంతో వచ్చి చూపిస్తుంటే ఏం చెయ్యాలో తెలియనివాడిలా నిలబడ్డాడు.

"టీవీ కట్టెయ్యకపోయావా?"

"రిమోటు యజమాని జేబులో ఉందిట. ఆయన పెడన వెళ్లాట్ట. ప్లగ్గు టీవీ వెనకాల, నిచ్చెన కావాలి. ఆపెయ్యి బాబాయ్, మా బిందు మొహం చూసి ఆపెయ్యి."

గీతలు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి. పెద్దిరాజు మౌసు మీద చెయ్యి వేసి, నొక్కకుండా ఆగాడు.

"ఆ రోజు గుడివాడలో మోగిన మిక్సరు ఎవరిది?"

"నీదే."

"నాకు చెప్పడం కాదు. నువ్వు నన్ను ఎక్కడ పెట్టావో అక్కడ పెట్టు."

బాబ్జీ ఫోను తీశాడు. తప్పులు దిద్దుకుంటూ స్టేటస్ రాశాడు. పెద్దిరాజు అతని భుజం మీదుగా చదివి, "ఆ రోజు పందిట్లో తప్పు నాది కాదనీ రాయి... నా పేరు పూర్తిగా రాయి... గారు అని పెట్టు" అంటూ దగ్గరుండి దిద్దించాడు. అంతసేపూ కింద ఏడుపు సాగుతూనే ఉంది.

నేను హెచ్‌డీఎంఐ పక్కనున్న బాణం గుర్తు నొక్కాను. దాని కిందనుంచి ఇంకో పేరు జారింది. లైన్ అవుట్, అంటే ఈ గదికీ హాలు స్పీకర్లకీ సౌండు వెళ్లే దారి. డమ్మీ పోయినప్పట్నుంచీ అక్కడే ఉంది పాపం. దాన్ని నొక్కగానే పెద్దిరాజు మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్స్‌లోంచి సన్నగా ముక్కు చీదిన చప్పుడు వినపడింది. అతను చటుక్కున చెవులకి పెట్టుకుని, కళ్లు మూసుకుని, చివరిదాకా విని, అప్పుడు ఆపాడు.

గట్టిమేళం మోగింది! అద్దం అదిరింది. పురోహితుడి గొంతు కింద పెసరట్టు పెనాల దాకా వెళ్లి ఉంటుంది. స్టేజీ మీద బాబ్జీ అక్షింతలు వేస్తూ ఒక్కసారి మా గదికేసి చూశాడు. పెద్దిరాజు తన ఫోను పైకెత్తి చూపించాడు. బాబ్జీ చేతిలో అక్షింతలు పెళ్లికూతురి మీద కాకుండా పురోహితుడి మీద పడ్డాయి.

పెళ్లయ్యాక భోజనాలకి దిగాం. ఇడ్లీ కూడా మిగల్లేదు. అన్నం దగ్గర కూర్చున్నాను. పెద్దిరాజు కూర్చోలేదు. వడ్డించే జీవరత్నం వెంట పడ్డాడు.

"పొద్దున ఏడుపు వచ్చినప్పుడు బాబ్జీ ఎక్కడున్నాడమ్మా?"

"ఇక్కడే. వియ్యపురాలికి పెసరట్టు వేయించుకోండి వేయించుకోండి అంటున్నాడు."

"మొహం ఎలా పెట్టాడు?"

"నేను చట్నీ వేస్తున్నానన్నా, మొహాలెవరు చూశారు?"

"కొంచెమైనా చూడలేదా? తెల్లబోయాడా? ఎర్రబడ్డాడా?"

"పప్పు చల్లారిపోతోందన్నా, తప్పుకో."

ఒకరి తర్వాత ఒకర్ని అడిగాడు. ఒకరు టీవీ చూశామన్నారు, ఒకరు ఎవరైనా పోయారేమోనని కంగారుపడ్డామన్నారు. బాబ్జీ మొహం చూసి గుర్తుపెట్టుకున్నవాడు ఒక్కడూ దొరకలేదు. చివరికి వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"అయిపోయిందిగా. ఇప్పుడైనా చెరిపెయ్యండి దాన్ని. స్టేటస్ కూడా పెట్టాడు, ఊరంతా చూస్తుంది" అన్నాను.

"రేపు ఈపాటికి ఆ స్టేటస్ ఉండదు మాస్టారూ. నా మారుపేరు ఉంటుంది."

విస్తట్లో పెరుగన్నం కలుపుకుంటూ తలెత్తి చూశాడు. హాలు అవతల, ఓణీ సర్దుకుంటూ బిందు చెల్లెలు హరిచందన పెళ్లికొడుకు చెప్పులు దాచడానికి చోటు వెతుకుతోంది. పెద్దిరాజు ఆ పిల్లకేసి ఎంతో ఆప్యాయంగా చూశాడు.

"ఇంటర్ చదువుతోందిట" అన్నాడు. "తొందరేం లేదు."